వంపు కర్ర, ఊరి చొక్కా

2025 జులై 20న డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో అఖిల ఐర్లండ్ హర్లింగ్ ఫైనల్ జరిగింది. సగం ఆట అయ్యేసరికి టిప్పెరరీ కౌంటీ ఆరు పాయింట్లు వెనకబడి ఉంది. ఎదుట ఉన్నది కార్క్. అంతకు మూడు నెలల ముందు ఇదే కార్క్ టిప్పెరరీని చిత్తు చేసింది. ఆ రోజు డారా మెకార్తీ అనే టిప్పెరరీ కుర్రాడు, బంతి ఇంకా ఆటలోకి రాకముందే రెడ్ కార్డు తిని బయటికి నడిచాడు. ఫైనల్లో విరామం తర్వాత కార్క్‌కు దక్కినవి రెండే రెండు పాయింట్లు. టిప్పెరరీ మూడు గోల్స్, పద్నాలుగు పాయింట్లు కొట్టింది. ఆట మొత్తం మీద ఒక గోల్, పదమూడు పాయింట్లు పంతొమ్మిదేళ్ల మెకార్తీవే. కార్క్‌కు దొరికిన పెనాల్టీని గోల్‌కీపర్ రీస్ షెల్లీ అడ్డుకున్నాడు. స్కోరు 3-27, 1-18. గోల్ అంటే మూడు పాయింట్లు కనుక, మన లెక్కలో 36కి 21.

టిప్పెరరీకి అది 29వ హర్లింగ్ కిరీటం. వాళ్లకంటే ఎక్కువ గెలిచినవి కిల్‌కెన్నీ, కార్క్ మాత్రమే. అయితే 1880ల నుంచి ప్రతి దశాబ్దంలోనూ కనీసం ఒక్కసారైనా గెలిచిన కౌంటీ టిప్పెరరీ ఒక్కటే. అదే కౌంటీ పేరుతో గేలిక్ ఫుట్‌బాల్ జట్టూ ఉంది. దాని కిరీటాలు నాలుగు, చివరిది 1920 నాటిది. నా మట్టుకు ఈ కౌంటీ కథ ఇరవైతొమ్మిదిలో కన్నా ఆ నాలుగులోనే ఎక్కువ ఉంది. కానీ హర్లింగ్‌ను దాటుకుని అక్కడికి వెళ్లలేం.

చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడినవాళ్లకు హర్లింగ్ సగం అర్థమైనట్టే. నేలమీదున్నదాన్ని కర్రతో పైకి లేపి, కిందపడేలోగా కొట్టడమే రెండింటికీ ప్రాణం. మిగతా సగమే కష్టం. ఇక్కడ కొట్టేవాడి చుట్టూ, అదే బంతి కోసం అలాంటి కర్రలే ఊపుతూ మరో ముగ్గురు నలుగురు ఉంటారు. జట్టుకు పదిహేను మంది, మైదానం పొడవు 130 నుంచి 145 మీటర్లు, పెద్ద పోటీల్లో ఆట డెబ్బై నిమిషాలు. గోల్ ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటుంది. అడ్డుకమ్మీ కింద నుంచి వెళితే గోల్, పైనుంచి వెళితే పాయింటు.

బంతి పేరు స్లిటర్. సంప్రదాయంగా లోపల బెండు, పైన తోలు, కుట్టు దగ్గర ఉబ్బెత్తు అంచులు. బరువు 110 నుంచి 120 గ్రాములు, క్రికెట్ బంతిలో దాదాపు ముప్పాతిక వంతు. దాన్ని చేత్తో నేలమీద నుంచి ఎత్తకూడదు. కర్ర కొనను కిందికి తోసి పైకి లేపాలి, లేదా కర్రతో వెనక్కి దొర్లించి దాని మీదికి ఎక్కించుకోవాలి. చేతిలో పట్టుకుని నాలుగు అడుగులకు మించి నడవకూడదు. కర్ర చివర నిలబెట్టుకుని మాత్రం ఎంత దూరమైనా పరుగెత్తవచ్చు. కోడిగుడ్డును గరిటెలో పెట్టుకుని, వెనక నుంచి నలుగురు తరుముతుండగా పరుగెత్తడం లాంటిది. చేత్తో బంతిని అందించాలంటే విసరకూడదు, అరచేత్తో కొట్టాలి.

క్రికెట్ చూసే కళ్లకు ఇంకో వింత కనిపిస్తుంది. కుడిచేతి వాటం బ్యాట్స్‌మన్ ఎడమ చేతిని పైన పెట్టి పట్టుకుంటాడు. హర్లింగ్‌లో బలమైన చేయి పైన ఉండాలి. ఎందుకంటే సగం ఆటలో కర్ర ఒక్క చేతిలోనే ఉంటుంది, రెండో చేయి బంతి కోసం ఖాళీగా ఉండాలి. అందుకే కుడిచేతి వాటం ఆటగాడు బంతిని ఎడమ చేత్తో పడతాడు. గోల్‌కీపర్ కొట్టిన బంతి ఎనభై, తొంభై మీటర్ల దూరంలో దిగుతుంది. దాని కింద ఇద్దరు ఎగురుతారు. పట్టేవాడు తన కర్రను అడ్డం పెట్టి చేతిని కాచుకుంటూ, రెండో కర్ర కిందికి వస్తుండగానే చేయి చాపుతాడు. 2010 నుంచి సీనియర్లకూ హెల్మెట్ తప్పనిసరి అయింది. వేళ్లకు మాత్రం ఇప్పటికీ ఆటగాడి కంటిచూపే కాపలా.

నాకు అన్నిటికన్నా నచ్చే విద్య హుకింగ్. ప్రత్యర్థి బంతి కొట్టబోతున్నాడు, మీరు వెనకపడిపోయారు, ఇక అందుకోలేరు. ఒంటిచేత్తో కర్రను చాపి, అతని కర్ర ఊపు తిరిగే దారిలో పెడతారు. అతను గాలిని కొట్టి నిలబడిపోతాడు. స్కోరు పట్టీలో దీనికి చోటు లేదు, చప్పట్లు మాత్రం గోల్‌కు తగ్గకుండా పడతాయి. ఇంకో అందం సైడ్‌లైన్ కట్. గీత మీద కదలకుండా ఉన్న బంతిని, ఎత్తకుండా, కర్ర అంచుతో కింద నుంచి కోసినట్టు కొడితే అది లేచి, వంపు తిరుగుతూ అడ్డుకమ్మీ పైనుంచి పోతుంది. అంత కష్టానికీ దక్కేది ఒక్క పాయింటే!

కర్రను ఐరిష్ భాషలో కమాన్ అంటారు. వంగినది అని దాని అర్థం. మన కమానుతో ఈ పోలిక కాకతాళీయమే కావచ్చు, వంపు మాత్రం రెండింటికీ ఉంది. ఆ వంపును చెక్కి తెచ్చింది అనుకుంటే పొరపాటు. పాతికేళ్లు పెరిగిన యాష్ చెట్టు మొదలును, కాండం వేరులోకి తిరిగే చోటు కలిసొచ్చేలా కోస్తారు. అక్కడ కలపలోని ఈనెలు వాటంతటవే వంగి ఉంటాయి. ఆ ఈనెల వెంబడే కర్ర చివరి వెడల్పు భాగం వస్తుంది. దాని పేరు బస్, అంటే అరచేయి. ఈనెలకు అడ్డంగా కోసిన కర్ర మొదటి గట్టి దెబ్బకే చీలుతుంది. ఈ చెట్లకు ఇప్పుడు తెగులు పట్టింది. యాష్‌ను ఎండగొట్టే శిలీంధ్రం ఐర్లండ్‌లో 2012లో కనబడింది, అప్పటి నుంచి తోటలకు తోటలే పోతున్నాయి. వెదురు కర్రలు, కృత్రిమ పదార్థాల కర్రలు వస్తున్నాయి. బాగానే ఆడుతున్నాయట. దెబ్బ తగిలినప్పుడు యాష్ చేసే చప్పుడు వేరని పాతవాళ్లు గొణుగుతుంటారు. ఆ గొణుగుడును నేను తీసిపారేయలేను.

ఇదంతా టిప్పెరరీలో ఎందుకు వేళ్లూనింది? ఈ ఆటలను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ పుట్టిందే అక్కడ, 1884 నవంబర్ 1న, థర్ల్స్ పట్నంలోని హేస్ హోటల్లో. ఇంగ్లీషువాళ్ల ఆటల కింద సొంత ఆటలు నలిగిపోతున్నాయని మైకేల్ క్యూసాక్ పిలిచిన సమావేశానికి వచ్చినవాళ్లు గుప్పెడు మంది. తొలి అధ్యక్షుడు మారిస్ డేవిన్ టిప్పెరరీవాడే. సంఘానికి పోషకుడిగా నిలిచిన ఆర్చిబిషప్ క్రోక్ పేరే క్రోక్ పార్క్‌ది. సంఘానికి పునాది పారిష్, అంటే ఒక చర్చి చుట్టూ ఉన్న ఊళ్లు. పుట్టి పెరిగిన పారిష్‌కు ఆడాలి, అక్కడి నుంచి కౌంటీకి. జీతం లేదు. ఆదివారం ఎనభై వేల మంది ముందు ఆడినవాడు ఆ వారంలోనే బడిలో పాఠం చెబుతూనో, పొలంలో పాలు పితుకుతూనో కనబడతాడు.

మొదట్లో కౌంటీ జట్టు అంటే ఆ కౌంటీలో గెలిచిన క్లబ్బే. 1887 పోటీ ఫైనల్ 1888 ఏప్రిల్‌లో బర్ పట్నంలో జరిగింది. జట్టుకు ఇరవై ఒక్క మంది. టిప్పెరరీ తరఫున థర్ల్స్ జట్టు గాల్వేను ఓడించింది. తర్వాత టబ్బరడోరా అనే కుగ్రామం 1895, 1896, 1898లలో కౌంటీకి కిరీటం తెచ్చింది. 1895లోనూ 1900లోనూ హర్లింగ్, ఫుట్‌బాల్ రెండూ టిప్పెరరీవే. ఆ జంట ఘనత కార్క్‌కు తప్ప మరెవరికీ లేదు.

1960లలో గోల్ ముందు నిలిచిన ముగ్గురు, జాన్ డాయిల్, మైకేల్ మార్, కీరన్ కేరీ. వాళ్లున్న చోటికి జనం పెట్టిన పేరు నరకపు వంటిల్లు. లోపలికి వెళ్లిన ఫార్వర్డ్ ఉడికి బయటపడేవాడన్నమాట. డాయిల్ ఎనిమిది అఖిల ఐర్లండ్ పతకాలు గెలిచాడు. 1971 ఫైనల్లో బాబ్స్ కీటింగ్ బూట్లు విడిచి, ఉత్త కాళ్లతో ఆడాడు, టిప్పెరరీ గెలిచింది. ఆ తర్వాత పదహారేళ్లు మన్‌స్టర్ ప్రాంతపు టైటిల్ కూడా దక్కలేదు. 1987లో కిలార్నీలో, అదనపు సమయంలో కార్క్‌ను ఓడించాకే ఆ కరవు తీరింది. రెండేళ్లకు అఖిల ఐర్లండ్ కప్పు కూడా వచ్చింది. జట్టును నడిపింది అదే కీటింగ్. ఆయన కౌంటీకి ఫుట్‌బాల్ కూడా ఆడినవాడు.

హర్లింగ్ ఉత్తర, మధ్య టిప్పెరరీది. ఫుట్‌బాల్ ప్రధానంగా దక్షిణానిది, క్లాన్‌మెల్, గ్రాంజ్‌మాక్లర్ వైపుది. ఇది మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. చేతులూ వాడతారు. నాలుగు అడుగులకొకసారి బంతిని నేలకు కొట్టి పట్టుకోవాలి, లేదా పాదంతో తన చేతిలోకే తన్నుకోవాలి.

1920 నవంబర్ 21. స్వాతంత్ర్య పోరు నడుస్తోంది. పొద్దున తిరుగుబాటు నాయకుడు మైకేల్ కాలిన్స్ మనుషులు డబ్లిన్‌లో బ్రిటిష్ గూఢచారులను ఇళ్లలోనే కాల్చారు. మధ్యాహ్నం క్రోక్ పార్క్‌లో టిప్పెరరీ, డబ్లిన్ ఫుట్‌బాల్ జట్లు ఆడుతుండగా బ్రిటిష్ బలగాలు లోపలికి వచ్చి జనం మీద కాల్పులు జరిపాయి. ఒకటిన్నర నిమిషం. పద్నాలుగు మంది పోయారు, వాళ్లలో ముగ్గురు పిల్లలు. ఆటగాళ్లలో చనిపోయింది ఒక్కడు, టిప్పెరరీ బ్యాక్ మైకేల్ హోగన్, గ్రాంజ్‌మాక్లర్‌వాడు, ఇరవై నాలుగేళ్లవాడు. అతని చెవిలో ప్రార్థన చెప్పడానికి వంగిన టామ్ ర్యాన్ అనే యువకుడినీ కాల్చారు. ఆ రోజు టిప్పెరరీ ఆడింది గ్రాంజ్‌మాక్లర్ క్లబ్బు తెలుపు, ఆకుపచ్చ చొక్కాలతో. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ ఫైనల్ 1922 జూన్‌లో గాని జరగలేదు. అదే మైదానంలో, అదే డబ్లిన్ మీద టిప్పెరరీ 1-6, 1-2తో గెలిచింది. నాలుగు కిరీటాల్లో చివరిది అదే. క్రోక్ పార్క్‌లో ఇప్పుడు కప్పు అందుకునే స్టాండుకు హోగన్ పేరే.

2020 నవంబర్ 22న, సరిగ్గా నూరేళ్ల మీద ఒక్క రోజుకు, మన్‌స్టర్ ఫుట్‌బాల్ ఫైనల్. కార్క్ సొంత మైదానంలో, కోవిడ్ వల్ల జనం లేని స్టాండ్ల మధ్య, టిప్పెరరీ తన నీలం బంగారు రంగులు పక్కనపెట్టి తెలుపు, ఆకుపచ్చ చొక్కాలతో దిగింది. ఆస్ట్రేలియాలో వృత్తి ఆటగాడిగా ఉన్న కోలిన్ ఓరియర్డన్ తన క్లబ్బు నుంచి అనుమతి తెచ్చుకుని మరీ వచ్చి ఆడాడు. 0-17, 0-14తో గెలిచారు. 1935 తర్వాత అదే మొదటి మన్‌స్టర్ టైటిల్. ఆ ఏడు అఖిల ఐర్లండ్ సెమీస్‌కు చేరిన నాలుగు కౌంటీలు డబ్లిన్, మేయో, కావన్, టిప్పెరరీ. 1920లో చేరినవీ ఆ నాలుగే.

సెమీఫైనల్ క్రోక్ పార్క్‌లో, డిసెంబరు పొగమంచులో. హోగన్ స్టాండ్ ఖాళీగా ఉంది. మేయో గోల్ మీద గోల్ కొట్టి టిప్పెరరీని ఓడించింది. మరుసటి ఏడాదే ఫుట్‌బాల్ జట్టు లీగ్‌లో అట్టడుగు డివిజన్‌కు జారింది.