నల్ల మెట్ల బేరం

జేన్ కాంపియన్ సినిమా 'ది పియానో' (1993) అనగానే మనకు గుర్తొచ్చేది ఏడా మౌనం. ఆరేళ్ళ వయసులో మాట మానేసిన స్త్రీకి పియానోయే గొంతు అంటాం. అలా అన్న మరుక్షణం పియానో ప్రతీక అయిపోతుంది, అదొక వస్తువన్న సంగతి మరుగున పడుతుంది. కొయ్య, ఇనప తీగలు, ఉన్ని, దంతం కలిసిన వస్తువు. ఒక్క మనిషి మోయలేనిది, పట్టించుకోకపోతే శ్రుతిలో నిలవనిది. ఏడాకి జరిగే అన్యాయాలన్నీ ఈ రెండు గుణాల చుట్టూనే అల్లుకుని ఉన్నాయి.

19వ శతాబ్దం నడుమ, మొహం కూడా చూడని భర్త దగ్గరికి ఆమెను తండ్రి స్కాట్లండ్ నుంచి న్యూజిలాండ్ పంపేస్తాడు. వెంట కూతురు ఫ్లోరా, ఈ పియానో. ఇది స్క్వేర్ పియానో. పేరుకే చతురస్రం, చూడటానికి పొడవాటి బల్ల. గ్రాండ్ పియానోలో తీగలు వాయించే మనిషికి ఎదురుగా వెనక్కి సాగుతాయి, అప్‌రైట్‌లో నిలువుగా ఉంటాయి, ఇందులో అడ్డంగా పరుచుకుంటాయి. మెట్టు నొక్కితే లోపల ఉన్ని తొడిగిన సుత్తి లేచి తీగని కొట్టి వెంటనే వెనక్కి పడుతుంది. వేలు తీయగానే మెత్తటి అడ్డు ఒకటి తీగ మీద వాలి ధ్వనిని ఆపేస్తుంది. వేలు దిగే తీరుని బట్టి గుసగుసో, గర్జనో. మాట్లాడని మనిషి దీన్ని ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

మోసే మనుషులు చాలరని భర్త స్టీవార్ట్ దాన్ని సముద్రపు ఒడ్డునే వదిలేస్తాడు. తేమకి పియానో లోపలి పల్చటి చెక్క ఉబ్బుతుంది, శ్రుతి జారుతుంది. ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి. ఆ తర్వాత ఏడా ఒడ్డుకొచ్చి వాయిస్తే మాత్రం శుభ్రంగా పలుకుతుంది! కాంపియన్ ఇక్కడ కాస్త దగా చేసింది. చేయనిద్దాం.

అసలు విషయం తర్వాత వస్తుంది. వీణ ముందు కూర్చున్న స్త్రీ బిరడాలు తిప్పి తన శ్రుతి తానే సరిచేసుకుంటుంది. పియానోకి ఆ వీలు లేదు. వందల తీగలు, ఒక్కో స్వరానికి రెండో మూడో. దానికి వేరే పనితనం, వేరే మనిషి కావాలి. స్టీవార్ట్ పొరుగువాడు బెయిన్స్‌కి ఆ పియానో ఇచ్చేసి బదులుగా భూమి తీసుకుంటాడు. అది నాదని ఏడా రాసి చూపించినా వినడు. వినాల్సిన అవసరమూ లేదు. పెళ్ళైన స్త్రీకి సొంత ఆస్తి ఉండొచ్చని న్యూజిలాండ్ చట్టం ఒప్పుకున్నది 1884లో.

బెయిన్స్ అంధుడైన ఒక పనివాణ్ణి పిలిపించి శ్రుతి చేయిస్తాడు. అపశ్రుతి వినాల్సొస్తుందని ఏడా ముందే మొహం చిట్లించుకుని వస్తుంది. వేళ్ళు ఆనించగానే శ్రుతి సరిగ్గా ఉంటుంది. ఆ ఒక్క క్షణంలో ఆమె మొహం చూడండి. సినిమా మొత్తంలో ఆమెకేం కావాలో అడక్కుండానే గ్రహించిన మొదటి పని అది. నన్ను ఇబ్బంది పెట్టేదీ అదే. ఆ శ్రద్ధ నిజమే, కానీ అది ఆమె వస్తువును బేరంలో కొట్టేసినవాడు చూపించే శ్రద్ధ. తర్వాత అదే శ్రుతి చేసిన పియానోతో ఆమె శరీరానికి వెల కడతాడు, వచ్చినప్పుడల్లా ఒక మెట్టు చొప్పున. ఏడా నల్ల మెట్లకే ఒప్పుకుంటుంది. స్వరాష్టకానికి 7 తెల్లవి, 5 నల్లవి. సగానికి పైగా తగ్గించింది. దీన్ని ప్రేమకథలో ముచ్చటగా చూపిస్తారు గానీ, నాకది కూలి రేటు తెలిసిన మనిషి లెక్కలా కనిపిస్తుంది. స్త్రీ మీద పెత్తనాన్ని ఈ సినిమా మోహంగా అలంకరించిందని బెల్ హుక్స్ 1994లోనే కోప్పడింది. ఆ కోపంతో నాకు చాలావరకు ఏకీభావమే. ఆ పియానోని అడవి బురదలో మోసిన మావోరీల భుజాల వైపు కెమెరా ఎంతసేపు చూసిందో కూడా అడగాలి.

అయినా ఒక చోట కాంపియన్‌కి చేతులెత్తి మొక్కుతాను. ఏడా ఒక మెట్టుని ఊడదీసి, దాని పక్క చెక్క మీద కాల్చిన సూదితో ప్రేమ సందేశం రాస్తుంది. మెట్టు నిజానికి పొడవాటి చెక్క, మనకు కనిపించేది ముందు ముక్క మాత్రమే. ఏడా రాసింది వాయించేవాళ్ళకి ఎన్నడూ కనబడని వైపున. ఆ మెట్టు తీశాక లోపలి సుత్తి ఉంటుంది, తీగా ఉంటుంది, స్వరం మాత్రం పలకదు. సందేశం ఫ్లోరా చేతుల్లోంచి స్టీవార్ట్‌కి చేరుతుంది. అతను గొడ్డలితో ఏడా వేలు నరుకుతాడు. పియానోకి ఒక మెట్టు తక్కువ, చేతికి ఒక వేలు తక్కువ.

చివరికి పియానోని తనే సముద్రంలోకి తోయిస్తుంది ఏడా. తాడు కాలికి చుట్టుకుని తనూ మునిగి, తన్నుకుని పైకొస్తుంది. తర్వాత నెల్సన్ పట్టణంలో పాఠాలు చెప్పుకుంటుంది. బెయిన్స్ చేసిచ్చిన లోహపు వేలు మెట్టు మీద పడ్డప్పుడల్లా టక్కుమంటుంది. ఆ కొత్త పియానో ఎవరిదో, పాఠాల డబ్బు ఎవరి చేతికొస్తుందో సినిమా చెప్పదు. 1884 ఇంకా చాలా దూరంలో ఉంది.