పట్వారీ దస్తరం నుంచి సర్కారు కంప్యూటర్ దాకా

‘గోప్యత’ మీద తెలుగులో వస్తున్న రాతల్లో ఎప్పుడూ ఒక ఇల్లు ఉంటది. దానికి ప్రహరీ గోడ, గేటు, తలుపు, తలుపుకు గొళ్ళెం. ఆ తలుపు సందులోంచి ప్రభుత్వం తొంగి చూస్తున్నదని రచయిత బాధపడుతుంటాడు. ఆ బాధ అబద్ధమని నేననను. కానీ ఆ ఇల్లు మనది కాదు. మా స్టేషన్ ఘనపూర్‌లో వాడ పేరు చెబితే చాలు, కులం తెలుస్తది. బడిల చేరిన రోజే అది రిజిస్టరుకెక్కుతది. హాస్టల్ సీటుకు, స్కాలర్‌షిప్‌కు, ఇవాళ్టి నా పరిశోధనకు కుల సర్టిఫికెట్ పెట్టకుండా నేను ఒక్క అడుగు ముందుకెయ్యలేదు. దాచుకోవడానికి ఏమీ మిగల్చని సమాజంలో పుట్టినోళ్ళకు గోప్యత అంటే ఏమిటి? ఈ ప్రశ్న వేసుకోకుండా రాసిన వ్యాసం ఎంత గొప్పదైనా సగం వ్యాసమే.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది. పేదలకు కావాల్సింది తిండి, గోప్యత పెద్దింటోళ్ళ సరదా అనే వాదనను ఒప్పుకోలేదు. మంచిదే. ఆ తీర్పు పక్కకు నెట్టిన పాత తీర్పుల్లో 1962 నాటి ఖరక్ సింగ్ కేసు ఒకటి. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన మనిషి ఇంటికి ఉత్తరప్రదేశ్ పోలీసులు రాత్రిపూట వచ్చి తలుపు కొట్టేవాళ్ళు. అంటే ఈ దేశంలో గోప్యత కొట్లాట బంగళాలో మొదలుకాలేదు, పోలీసు రికార్డుకెక్కిన ఒక మనిషి గడప దగ్గర మొదలైంది. మన వ్యాసకర్తలకు ఈ సంగతి ఎందుకు గుర్తుకురాదో!

ఏడాది తిరిగేసరికి, 2018 సెప్టెంబర్ 26న, ఆధార్ తీర్పు వచ్చింది. బ్యాంకు ఖాతాకు, సిమ్ కార్డుకు ఆధార్ తప్పనిసరి చేయొద్దన్నరు. రేషన్‌కు, సంక్షేమ పథకాలకు మాత్రం అడగొచ్చన్నరు. ఐదుగురిలో నలుగురు జడ్జీల మాట అది. ఒకే మనిషి సిమ్ కొన్నప్పుడు పౌరుడు, బియ్యం సంచి పట్టుకుని నిలబడితే అనుమానితుడు. మా అమ్మ వేళ్ళు నాట్లేసి, కలుపు తీసి అరిగిపోయినయి. మిషన్ మీద ఎన్నిసార్లు పెట్టినా ముద్ర పడదు. వేలు కడుక్కొని రమ్మంటరు. కడుక్కొని వస్తది. మళ్ళీ పడదు. కష్టం చేసినందుకు పడే ఈ శిక్షను గోప్యత రాతల్లో నేనెక్కడా చదవలేదు.

అసలు కథ మన దగ్గరే ఉన్నది. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే చేసింది. వలసపోయినోళ్ళు బస్సులకు, రైళ్ళకు వేలాడుకుంటూ ఊళ్ళకొచ్చిండ్రు. ఇంట్ల లేకపోతే లెక్కల ఉండం, లెక్కల లేకపోతే రేషను, పింఛను పోతయని భయం. వివరాలివ్వడం ప్రజల ఇష్టమేనని ప్రభుత్వం హైకోర్టులో చెప్పింది. ఆ మాట మా వాడదాకా రానేలేదు. తర్వాత ‘సమగ్ర వేదిక’ వచ్చింది. పలు శాఖల రికార్డుల్లోని పేర్లను, అడ్రసులను ఒకదానితో ఒకటి కలిపి ఈ మనిషీ ఆ మనిషీ ఒక్కరేనని తేల్చే కంప్యూటర్ వ్యవస్థ అది. కారు ఉందనో, భూమి ఉందనో, ఉద్యోగముందనో రేషన్ కార్డులు ఎగిరిపోయినయి. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇల్లిల్లూ తిరిగి మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ విచారణలో చూసిన దరఖాస్తుల్లో కనీసం 7.5 శాతం కార్డులు తప్పుగా పోయినవేనని తేలింది. హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడు, దాదాపు అదే పేరున్న వేరే మనిషి కారుకు యజమాని అయిండు!

ఇది యంత్రం పొరపాటు అని ఊరుకుంటే మనం దెబ్బతిన్నట్టే. పేర్ల పోలిక చూసే యంత్రానికి ఎవరి పేర్లు తికమక పెడతయి? వాడల ఇంటి పేర్లు నాలుగైదే ఉంటయి. ఎల్లయ్యలు ముగ్గురు, కొమురయ్యలు నలుగురు. ఒక కాగితంలో పోచయ్య, ఇంకోదాంట్ల పోశయ్య. పుట్టిన తేదీ సంగతి చెప్పనే వద్దు. మా పంతులు వాడ పిల్లలందరికీ జూన్ నెలలోనే తేదీలు రాసిండు. నేనూ జూన్‌లనే పుట్టిన. (ఊళ్ళ పేర్లకే ఈ బాధ తప్పలేదు. మాది స్టేషన్ ఘనపూర్, భూపాలపల్లి దిక్కు ఉన్నది ఘనపూర్ ములుగు. ఉత్తరం అటు పోయిందా ఇటు వచ్చిందా అని పోస్టాఫీసుకు తిరిగినోళ్ళకు తెలుసు.) మనల్ని శ్రద్ధగా రాయని చేతులే ఆ రికార్డులు రాసినయి. ఆ అశ్రద్ధే యంత్రంలోకి పోయి ‘ఆధారం’ అయి కూర్చున్నది. పేరుకు కులం అడగని యంత్రం, పని మాత్రం కులాన్ని బట్టే చేస్తది.

మా తాతల తరానికి పట్వారీ దస్తరం ఉండె. గుడ్డలో కట్టిన ఆ మూటల ఏం రాసి ఉన్నదో పట్వారికే ఎరుక. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది. ఇప్పుడు దస్తరం కంప్యూటర్లకు పోయింది. మా వాడల ఒక పెద్దమ్మ కార్డు పోతే నేను వెంట పోయి అడిగిన. “పైన కంప్యూటరే తీసేసింది బిడ్డా, మా చేతుల ఏం లేదు” అన్నడు అక్కడి ఉద్యోగి. పట్వారీని పొగడటానికి కాదు గానీ, ఆయన ఇల్లు ఏదో మనకు తెలుసు. సమగ్ర వేదిక లోపలి లెక్క చూపించమని సమాచార హక్కు కింద విలేకరులు అడిగితే, ఆ సాఫ్ట్‌వేర్ హక్కులు ప్రైవేటు కంపెనీవని సర్కారు జవాబు. మన ఇంటి లెక్క అందరికీ బాహాటం, వాళ్ళ లెక్క వ్యాపార రహస్యం. గోప్యత దొరికింది యంత్రానికన్నమాట.

అట్లని సర్వేలే వద్దనే వాదనతో నేను పోను. లెక్క లేనిదే వాటా లేదు. 2024 నవంబర్‌లో మొదలైన ఇంటింటి సర్వేలో 75 ప్రశ్నలు అడిగిండ్రు. షెడ్యూల్డ్ కులాలు 17.43 శాతమని 2025 ఫిబ్రవరిలో ప్రకటించిండ్రు. వర్గీకరణ కోసం ముప్పై ఏండ్లు కొట్లాడిన మాదిగలకు లెక్క విలువ ఎవరూ నేర్పనక్కర లేదు. అదే సర్వేలో కొందరు పెద్ద నాయకులు వివరాలివ్వలేదని శాసనసభలోనే గొడవైంది. ఇవ్వనందుకు వాళ్ళకు పోయిందేమిటి? వద్దని చెప్పగలిగే తాహతు ఉన్నోనికే గోప్యత హక్కుగా పనికొస్తున్నది. కులాన్ని లెక్కించడం వేరు, ఒక్కో ఇంటిని గుర్తుపట్టి వెంటబడటం వేరు. మొదటిది మన డిమాండ్. రెండోదానికి మనం ఒప్పుకున్నదెన్నడు?

చదువుకున్న దళితుడి ఇల్లయినా భద్రమా అంటే అదీ లేదు. 2018 ఆగస్టు 28న పూణే పోలీసులు హైదరాబాదులో ఇఫ్లూ ఆచార్యులు కె. సత్యనారాయణ ఇంట్లో సోదా చేసిండ్రు. ఆయన వరవరరావు అల్లుడు. వరవరరావు పుట్టిన చిన్నపెండ్యాల మా ఘనపూర్‌కు దగ్గరే. దేవుళ్ళ పటాలుండాల్సిన చోట ఫూలే, అంబేద్కర్ పటాలెందుకని అడిగారని, ఏండ్ల తరబడి చేసిన రాతపని ఉన్న కంప్యూటర్లు, డిస్కులు పట్టుకపోయారని ఆయన తర్వాత చెప్పారు. దళిత అధ్యయనాల పరిశోధకుడి దగ్గర అంబేద్కర్ ఎందుకుంటాడన్నది కూడా ప్రశ్నేనా?

ఇక చివరి వింత. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చింది. 2025 నవంబర్‌లో ఆ మార్పు అమల్లోకొచ్చింది. ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వాలని ఆ క్లాజులో ఉన్న మాటను తీసేసిండ్రు. ఇంకో సెక్షన్ ఉన్నది కదా అంటరు, దాన్ని తిప్పికొట్టడం ఆఫీసర్లకు ఎంత పని? 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు జరిగినప్పుడు కూలీల పేర్లు, రోజులు, పైసలు గ్రామసభల గట్టిగ చదివిండ్రు. చచ్చిపోయినోని పేరు మీద పైసలు తిన్నదెవరో అట్లనే బయటపడ్డది. ఆ రోజు మన పేరు నలుగురిలో వినబడటం మనకు అవమానం కాలేదు. రేపు అదే జాబితా అడిగితే “వ్యక్తిగత సమాచారం” అని కాగితం తిప్పి పంపుతరు. పెద్దమ్మ కార్డు ఏ కారణంతో పోయిందో రాసివ్వమని మేం పెట్టిన దరఖాస్తుకు ఇంకా జవాబు రాలేదు. రశీదు మాత్రం ఆమె కొంగు ముడిలో ఉన్నది.