అప్పజెప్పడం అంటే

మన పాఠ ప్రణాళికలో 'వేమన పద్యం చదవాలి' అని రాసుకున్నాం. సిడ్నీలో పుట్టిన పిల్లకి అలా చెబితే పుస్తకం తీస్తుంది. తప్పు తనది కాదు. చేతిలో పుస్తకం లేకపోయినా నాటకంలో నటుడు పద్యం 'చదివాడు' అంటాం, అది పెద్దలకి తెలిసిన వాడుక. పోనీ 'వల్లె వెయ్యి' అందామా? అది నోటికి వచ్చేదాకా పదేపదే అనుకోవడం. వచ్చాక, చూడకుండా టీచరుకి వినిపిస్తే అప్పజెప్పడం. (కొన్ని ఇళ్లలో ఒప్పజెప్పడం అంటారు, అదీ సరే.) ఇంటి తాళాలు అప్పజెప్పినట్టే ఇదీ: పుచ్చుకునేవాళ్లు ఎదురుగా ఉండాలి. మరి మనం? పిల్ల ఆటవెలది నాలుగు పాదాలూ ఒక్క ఊపిరిలో అనేస్తుంటే హాజరుపట్టీలో టిక్కులు పెడుతూంటాం. వేమన మకుటంలోనే వినమని పిలుపుందండీ! వచ్చే క్లాసులో 'రిసైట్ చెయ్యి' అనకుండా 'అప్పజెప్పమ్మా' అనండి. పెన్ను పక్కన పెట్టండి. మధ్యలో ఆగితే వెంటనే మాట అందించకండి.