ఎవరి తాలూకా?

అరకు సంతలో రాజ్మా గింజలు అమ్ముతున్న ఒక పెద్దామె నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మీరెవరి తాలూకా అమ్మా?" ఉత్తరాంధ్ర తెలుగులో ఈ చిన్న మాటలో చాలా ప్రశ్నలు ఉంటాయి. ఏ ఊరు, ఎవరి మనిషివి, ఏ ఆఫీసు పంపింది, ఏ పక్షం. పీహెచ్‌డీ చేసినదాన్ని కదా, "ఎవరి తాలూకా కాదండి, సాహిత్యం మీద పరిశోధన చేస్తున్నాను" అన్నాను. ఆమె నవ్వింది. "ఎవరి తాలూకా కాకపోతే ఇంత దూరం ఎందుకొస్తారేటి?" అని మళ్లీ తన తూకంలో పడిపోయింది.

'తటస్థ' అంటే ఒడ్డున నిలబడినది. ఏరు పొంగుతున్నా తన పాదం తడవని చోటు ఒకటుందని ఆ మాటలోనే ఒక నమ్మకం ఉంది. దేశాల విషయంలో ఆ చోటును చట్టం కూడా ఒప్పుకుంది. 1907 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం తటస్థ దేశపు భూభాగాన్ని ఎవరూ అతిక్రమించకూడదు, దాని మీదుగా సైన్యాలు నడవకూడదు. ఆచరణలో ఆ తటస్థత ఎంత శుభ్రంగా ఉందన్నది వేరే సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో స్వీడన్ జర్మనీకి ఇనుప ఖనిజం అమ్మింది, తన రైళ్లలో జర్మన్ సైనికులను ప్రయాణించనిచ్చింది. స్విట్జర్లాండ్ ఎందరో యూదు శరణార్థులను సరిహద్దు దగ్గరే వెనక్కి పంపింది. (ఆ స్విట్జర్లాండే తన స్త్రీలకు జాతీయ ఎన్నికల్లో ఓటు ఇవ్వడానికి 1971 దాకా ఆగింది.) అయినా వాటిని తటస్థ దేశాలనే అంటాం. దేశం ఇనుము అమ్ముకుంటే దాన్ని దౌత్యం అన్నారు. మన కొండల్లో ఒక ఇంటావిడ రాత్రి వచ్చిన దళానికి గంజి పోస్తే సానుభూతిపరురాలు, పగలు వచ్చిన కూంబింగ్ పార్టీకి దారి చూపిస్తే ఇన్‌ఫార్మర్. ప్రభుత్వం దీన్ని యుద్ధమని ఎన్నడూ ఒప్పుకోలేదు, శాంతిభద్రతల సమస్య అంది. యుద్ధమే లేనప్పుడు అందులో తటస్థులు మాత్రం ఎక్కడుంటారు?

ఛత్తీస్‌గఢ్‌లో 2005లో సల్వాజుడుం మొదలయ్యాక వేలమంది ఆదివాసులు ఇటు ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చేశారు. మనవాళ్లు వాళ్లకు గుత్తికోయలని పేరు పెట్టారు. ఏ పక్షమూ వద్దనుకుని ఊళ్లు విడిచి వచ్చినవాళ్లు వాళ్లలో ఎందరో. వాళ్లను యుద్ధ శరణార్థులుగా ఎవరూ చూడలేదు. అడవిని ఆక్రమించినవాళ్లుగా చూశారు.

అరకు నుంచి పాడేరు మీదుగా ఇంకా లోపలికి వెళితే జి.మాడుగుల మండలం వస్తుంది. వాకపల్లి ఆ మండలంలోనిదే. 2007 ఆగస్టు 20 తెల్లవారుజామున కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని ఆ ఊరి కొందు స్త్రీలు 11 మంది చెప్పారు. ఆ ఆరోపణకు పోలీసుల వైపు నుంచి వచ్చిన జవాబు మనకు గుర్తే: ఇది మావోయిస్టులు చెప్పించిన మాట. విమర్శకురాలిగా నేను ఆగేది ఈ జవాబు దగ్గర. ఇది ఆ స్త్రీల మాట నిజమా కాదా అన్న చర్చలోకి వెళ్లదు. ఆ మాట ఎవరిదన్న దగ్గరే ఆగిపోతుంది. సంతలో పెద్దామె నన్ను అడిగిన ప్రశ్నే ఇది. ఆమె నవ్వుతూ అడిగింది, రాజ్యం తుపాకీ పట్టుకుని అడిగింది. ఆ కొండల్లో కొందులు మాట్లాడుకునేది కువిలో, ఆదివాసీ ఒరియాలో. వాళ్ల మాట తెలుగు కాగితం మీదికి వచ్చేసరికే ఒక చెయ్యి మారి ఉంటుంది. ఆ పైన దాని వెనక ఇంకో గొంతు వెతకడం ఎంత తేలిక!

కేసు విచారణకు రావడానికే పదేళ్లు దాటింది. 13 మంది పోలీసుల మీద విచారణకు 2017లో సుప్రీంకోర్టు దారి ఇచ్చింది. విశాఖపట్నం ప్రత్యేక కోర్టు 2023 ఏప్రిల్ 6న తీర్పు చెప్పింది. దర్యాప్తు సరిగా జరగలేదని చెబుతూ నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఆ స్త్రీలకు నష్టపరిహారం ఇవ్వమని కూడా చెప్పింది. ఆ రోజు చూడకుండానే చనిపోయినవాళ్లు వాళ్లలో ఉన్నారు.

ఇక మన సంగతి. స్త్రీవాద తరగతి గదుల్లో ఆదివాసీ స్త్రీ అనగానే మనం తీసే కథ మహాశ్వేతాదేవి 'ద్రౌపది'. 1978లో 'అగ్నిగర్భ' సంపుటిలో వచ్చింది, 1981లో గాయత్రి స్పివాక్ ఇంగ్లీషు అనువాదంతో విశ్వవిద్యాలయాలకు చేరింది. వాకపల్లి తర్వాత వచ్చిన కవితల్లో నేను చదివిన చాలావాటిలో ఆ స్త్రీలు దోప్దీలయ్యారు, నిప్పులయ్యారు, కొండచిలువలయ్యారు. కవుల ఆగ్రహాన్ని నేను శంకించడం లేదు. కానీ దోప్దీ ఒక పక్షం ఎంచుకున్న మనిషి. నక్సలైటు. తనకేం జరగబోతుందో తెలిసి అడవిలో తిరిగింది. వాకపల్లి స్త్రీలు మాకు ఏ పక్షంతోనూ సంబంధం లేదనే చెప్పారు. వాళ్లను దోప్దీని చేసిన ప్రతి కవితా, వాళ్లు ఆ పక్షమేనన్న పోలీసుల వాదనకు తెలియకుండానే ఒక సాక్ష్యం తోడిచ్చింది. పొగడ్తే కావచ్చు, కానీ అది కూడా "ఎవరి తాలూకా"కు జవాబే.

'ద్రౌపది'లోనే మనం దాటేసే చోటొకటి ఉంది. దోప్దీని పట్టించేది షోమాయ్, బుధ్నా అనే ఇద్దరు. తన జాతి పూర్వులు ఆడవాళ్ల రక్తాన్ని కాపాడుకున్నారని దోప్దీ గర్వపడుతుంది. ఈ ఇద్దరి ద్రోహానికి ఆమె చెప్పుకునే కారణం వాళ్ల కలగలుపు పుట్టుక. యుద్ధకాలంలో అక్కడ మకాం వేసిన అమెరికన్ సైనికుల వల్ల వచ్చిన సంతతి వాళ్లు. ఏళ్ల తరబడి ఈ కథ చదివిన నేను ఒక్కసారి కూడా వాళ్ల తల్లుల గురించి ఆలోచించలేదు. ఎవరిదో యుద్ధం తమ ఊరికి వచ్చింది, ఆ స్త్రీలు అందులో ఏ పక్షమూ కారు. కథలో వాళ్లకు మిగిలింది కొడుకుల రక్తంలోని మచ్చ ఒక్కటే. అత్యాచారం మీద రాసిన ఇంత గొప్ప కథలో కూడా ఒక స్త్రీ శరీరం ప్రతిఘటన అయింది, మరి కొందరివి ద్రోహానికి పుట్టిల్లు అయ్యాయి. అది దోప్దీ ఆలోచన మాత్రమే, రచయిత్రిది కాదని వాదించవచ్చు. నేనూ చాలాకాలం అలాగే వాదించాను. ఇప్పుడు ఆ వాదన నాకు సరిపోవడం లేదు.

మన పద్ధతులు కూడా పక్షం ఎంచుకున్న స్త్రీల దగ్గరే తయారయ్యాయి. స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' (1986) లేకపోతే నాలాంటివాళ్లకు మౌఖిక చరిత్ర అనే దారే ఉండేది కాదు. అది తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల చరిత్ర. పోరాటం తన గుమ్మం దాకా వస్తే బువ్వ వండిపెట్టి, మర్నాడు రజాకార్లకు ఏం చెప్పాలా అని భయపడిన స్త్రీని ఎలా అడగాలో, ఏమడగాలో మనమింకా నేర్చుకోలేదు. వర్జీనియా వుల్ఫ్ 'త్రీ గినీస్' (1938)లో యుద్ధం పట్ల స్త్రీలు బయటివాళ్లుగా ఉండిపోవచ్చని వాదించింది. చదువుకున్న పురుషుల కూతుళ్లను ఉద్దేశించి అన్న మాట అది. బయట ఉండటానికి ముందు బయట అనేదొకటి ఉండాలి కదా.

నా తటస్థత గురించి కూడా చెప్పాలి. నా సిద్ధాంత గ్రంథంలో వాకపల్లి ఒక అధోజ్ఞాపిక. కేసు కోర్టులో ఉంది, పరిశోధకురాలు పక్షం వహించకూడదు అని ఒక పెద్దాయన సలహా ఇచ్చారు, సరేనన్నాను. అదే అధ్యాయంలో మావోయిస్టులు ఇన్‌ఫార్మర్లని ముద్రవేసి చంపిన ఆదివాసుల గురించి అసలు రాయనే లేదు. అది రాస్తే నన్ను ఎవరి తాలూకా అనుకుంటారో అని భయం. 2018 సెప్టెంబరు 23న అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు కాల్చి చంపారు. వాళ్లు పేరున్న నాయకులు కాబట్టి దేశమంతా తెలిసింది. పేరు లేనివాళ్ల చావులు జిల్లా ఎడిషన్ దాటలేదు. నేను ఒడ్డున నిలబడ్డాననుకున్నాను. నిజానికి రెండు వైపులా నాకు ఇబ్బందిలేని మౌనాన్ని ఎంచుకున్నాను. నాకు జీతం ఆగలేదు, రాత్రి తలుపు ఎవరూ కొట్టలేదు.

ఇప్పుడా గ్రంథాన్ని పుస్తకంగా తెద్దామని తిరగరాస్తున్నాను. అధోజ్ఞాపిక ప్రధాన పాఠంలోకి వచ్చింది. చట్టం ప్రకారం ఆ స్త్రీల పేర్లు రాయకూడదు, రాయను. 'బాధితులు' అని రాసి కొట్టేశాను, 'పోరాట స్త్రీలు' అని రాసి అదీ కొట్టేశాను. ప్రస్తుతానికి 'ఆ 11 మంది' అని ఉంది.