సీసాలోకి చేరిన తిత్తులు

దవడ ఎముకలో సొంత పొర కట్టుకుని, లోపల ద్రవమో ముద్దలాంటి పదార్థమో నింపుకొని పెరిగే గూడును తిత్తి అంటారు. ఈ తిత్తులలో సగానికి పైగా వేరుకొన తిత్తులే అన్న మాట, ఈ వారం ఒక ఆరోగ్య వ్యాసంలో, దంతరోగులలో సగం మందికి ఆ తిత్తి ఉంటుందన్నట్లుగా రూపు మార్చుకుని అచ్చయింది. లవాన్ని ఎంత జాగ్రత్తగా లెక్కించినా హారం మారితే అంకె అబద్ధమైపోతుందని ఈ శీర్షిక పాడే పాత పాటను మళ్ళీ అందుకోక తప్పదు.

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో 1975 నుంచి 2004 వరకు ప్రయోగశాలకు అందిన 55,446 నమూనాలలో పంటికి సంబంధించిన తిత్తులు 7,121, అంటే నూటికి పదమూడు కూడా నిండలేదు. వాటిలో వేరుకొన తిత్తి 52.3 శాతం, బయటికి రాని పంటి తలను చుట్టుకొని పెరిగే తిత్తి 18.1 శాతం, కెరటోసిస్టు అనే మరో రకం తిత్తి 11.6 శాతం. ఇక్కడ హారం రోగులు కారు, కోసి ఫార్మలిన్ సీసాలో వేసి పంపిన ముక్కలు.

ఈ లెక్కలో మొదటి వరుసలోని వేరుకొన తిత్తి పుట్టుకకు సాధారణంగా మూలం పిప్పి పన్ను. పుచ్చు లోపలికి దిగి నరం చచ్చిపోయాక ఆ కుళ్ళు వేరు చివరి రంధ్రం గుండా ఎముకను తాకుతుంది. పన్ను ఏర్పడినప్పటి నుంచి అక్కడే నిద్రాణంగా ఉండిపోయిన, మలస్సే శేషాలనే కణాల గుంపులు ఆ వాపుకు మేలుకొని పెరుగుతాయి. గుంపు నడిమి కణాలు చచ్చి ద్రవమవుతాయి, ఆ ద్రవం చుట్టుపక్కల నీటిని లోపలికి లాగుతుంది, తిత్తి ఉబ్బుతుంది. నొప్పి లేకుండానే ఏళ్ళు గడిచిపోవచ్చు. చివరికి ఎముక గుడ్డు పెంకంత పలచబడి, వేలితో నొక్కితే చిటపటమంటుంది. సూది గుచ్చి తీసిన గడ్డిరంగు ద్రవంలో కొలెస్టరాల్ పలుకులు వెలుగుకు తళుక్కుమంటాయి. పన్ను పీకిస్తే పీడ పోయిందనుకునే ఇళ్ళలో పన్ను పోయి తిత్తి మిగిలిపోవడమూ ఉన్నది. షెఫీల్డ్ లెక్కలో దానిది వేరే వరుస, మరో 8 శాతం. రూట్ కెనాల్‌తోనే మానిపోయినవి ఏ సీసాలోకీ చేరవు గనుక, నిజానికి పిప్పి పంటి వాటా ఇంకా పెద్దదే కావచ్చు.

అయితే ఎక్స్‌రేలు చూసి రోగులనే లెక్కిస్తే సరిపోతుందా? వేరు చివరి నల్లని మచ్చ తిత్తో, వట్టి వాపు కణజాలమో ఫిల్ము తేల్చి చెప్పలేదు. జ్ఞానదంతాన్ని చుట్టుకున్న కెరటోసిస్టు, పంటి తలను చుట్టే మామూలు తిత్తిలాగానే కనిపించగలదు. ఈ కెరటోసిస్టు పొర పలచన, పెళుసు. గీకి తీసినప్పుడు చిన్న తునక మిగిలినా తిరగబెడుతుంది. ఆ మొండితనం కూడా ఒక కారణంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 2005లో కణితుల జాబితాలోకి మార్చినా, 2017లో మళ్ళీ తిత్తుల్లోకి తెచ్చింది. కనుక సీసాల హారం ఎంత అసంపూర్ణమైనా, అందులోని ప్రతి లవాన్నీ ఎవరో సూక్ష్మదర్శినిలో చూశారన్నది ఒప్పుకోవలసిందే. తీసిన ముక్కను గాజుగుడ్డతో పాటు చెత్తబుట్టలో వేసే చోట కెరటోసిస్టు అనే ఆ మూడో వరుసే ఉండదు. కొన్నేళ్ళకు అదే దవడ మళ్ళీ వాచినప్పుడు కేసు కాగితం మీద "పాత తిత్తి" అని మాత్రం ఉంటుంది, ఏ తిత్తో ఉండదు.