60,000 గీత, వంటింటి గడప

బ్రిటన్ బీరు సుంకంలోనూ అమెరికా బీరు సుంకంలోనూ 60,000 అనే అంకె చాలాకాలం కీలకంగా ఉంది. రెండుచోట్లా అది చిన్న తయారీదారులకిచ్చే రాయితీకి గీసిన గీతే. కొలతలు వేరు: బ్రిటన్‌ది హెక్టోలీటరు, అంటే 100 లీటర్లు, అమెరికాది బ్యారెల్, సుమారు 117 లీటర్లు. అసలు తేడా మాత్రం కొలతల్లో లేదు. బ్రిటన్‌లో ఏటా 60,000 హెక్టోలీటర్లకు చేరేసరికి రాయితీ పూర్తిగా అయిపోయేది. అమెరికాలో మొదటి 60,000 బ్యారెళ్ల మీద ఇచ్చిన తక్కువ రేటు, ఆ కంపెనీ 20 లక్షల బ్యారెళ్లు దాటేదాకా దాని చేతిలోనే ఉండేది. ఒకరు ఎదగకుండా చిన్నగా ఉన్నందుకు రాయితీ ఇచ్చారు, ఇంకొకరు చిన్నగా మొదలుపెట్టినందుకు ఇచ్చారు.

గ్లాసు లెక్కన చూస్తే బొమ్మ తిరగబడుతుంది. 2017 నుంచి 2023 దాకా బ్రిటన్‌లో 4 శాతం ఆల్కహాలున్న బీరు మీద పూర్తి సుంకం పింటుకు సుమారు 43 పెన్నీలు. రాయితీ సగం కాబట్టి చిన్న తయారీదారుకు 21 పెన్నీలకు పైగా మిగిలేవి. అమెరికాలో 1976లో జెరాల్డ్ ఫోర్డ్ సంతకం చేసిన చట్టం బ్యారెల్ మీద 9 డాలర్లున్న సుంకాన్ని 7కు దించింది. బ్యారెల్‌కు 248 అమెరికా పింట్లు. అంటే గ్లాసుకు ఒక సెంటు కూడా మిగల్లేదు. 1991లో పెద్ద కంపెనీల రేటును 18 డాలర్లు చేసి, చిన్నవాళ్ల మొదటి 60,000 బ్యారెళ్లను 7 దగ్గరే ఉంచారు. అప్పటికీ తేడా గ్లాసుకు నాలుగున్నర సెంట్లకు మించలేదు.

మరి అంత చిన్న రాయితీతో, 1970ల చివర వందకు లోపున్న అమెరికా బ్రూవరీలు 9,000 ఎలా దాటాయి? పన్ను పుస్తకాల్లో దీనికి జవాబు దొరకదు. వంటింట్లో వెతకాలి.

ఇంట్లో తయారీ అనగానే మనకు నాటుసారా బట్టీ గుర్తొస్తుంది. ఇది అది కాదు. ఆవిరి పట్టి సారా తీయడం లైసెన్సు లేకుండా ఆ రెండు దేశాల్లోనూ ఇప్పటికీ నేరమే. బీరుకు కావాల్సింది మొలక కట్టించి ఆరబెట్టిన బార్లీ, అంటే మాల్ట్. మన ఇళ్లలో రాగిమాల్ట్‌కు రాగులను చేసే పనే. దాన్ని వేడినీళ్లలో నానబెట్టి తీపి రసం తీస్తారు, చేదు కోసం హాప్స్ పూలు వేసి మరిగిస్తారు, చల్లారాక ఈస్ట్ కలిపి పులియనిస్తారు. అన్నం వండుకునే గిన్నెల కన్నా కొంచెం పెద్దవి ఉంటే చాలు.

ఈ పనికి బ్రిటన్ ముందే గడప తెరిచింది. 1880లో ప్రధాని గ్లాడ్‌స్టన్ మాల్ట్ మీద పన్ను ఎత్తేసి, సుంకాన్ని బీరు మీదికి మార్చాడు. దాంతో ఇంట్లో చేసుకునేవాళ్లకూ లైసెన్సు తప్పనిసరైంది. 1963 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ దాన్ని రద్దు చేశాడు. అమ్మనంతకాలం ఎంతైనా చేసుకోవచ్చు. అమెరికాలో 1933లో మద్యనిషేధం పోయినప్పుడు ఇంటి వైన్‌కు అనుమతి దొరికింది, ఇంటి బీరు చట్టం మాటల్లో చోటు దక్కక మిగిలిపోయింది. ఆ లోపం సరిదిద్దడానికి 45 ఏళ్లు పట్టింది. 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం చేశాడు: పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంటికి ఏటా 100 గ్యాలన్లు, ఇద్దరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే 200. రాష్ట్రాలు తమ చట్టాలు తాము మార్చుకోవాలి కనుక మిసిసిపి, అలబామాల్లో అది 2013 దాకా జరగలేదు.

పదిహేనేళ్లు ముందే గడప తెరిచిన బ్రిటన్‌లో వంటింటి నుంచి బ్రూవరీలు పుట్టుకు రావాలి కదా? పెద్దగా రాలేదు. నాకు తోచిన కారణం, అక్కడ జనం ఇంట్లో ఎందుకు చేసుకున్నారన్నది. పబ్‌లో సుంకం కట్టి కొనే బీరు ఖరీదు. బూట్స్ మందుల దుకాణంలో దొరికే మాల్ట్ పాకం డబ్బా, కిలో పంచదార చౌక. డేవ్ లైన్ 1978 నాటి పుస్తకం పేరుకే అర్థం, కొనే బీర్లలాంటివే ఇంట్లో చేసుకోవడం. పబ్‌లో మంచి బీరు ఉంది, దాన్ని నిలబెట్టుకోవడానికి 1971లో కామ్రా అనే ఉద్యమమూ పుట్టింది. ఇంటివాడికి దాన్ని అనుకరించడమే పరమావధి. అమెరికా ఇంటివాడికి అనుకరించడానికి అలాంటి బీరేదీ అంగట్లో దాదాపు మిగల్లేదు. అతను చేస్తే తప్ప ఆ బీరు లేదు. చౌక కోసం నేర్చినవాడు చౌక దగ్గర ఆగుతాడు. లేనిదాని కోసం నేర్చినవాడు పక్కింటివాడికి రుచి చూపిస్తాడు, ఆపైన దుకాణం తెరుస్తాడు.

రెండు దేశాల సంఘాల్లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. అమెరికన్ హోమ్‌బ్రూవర్స్ అసోసియేషన్ 1978లో బౌల్డర్‌లో మొదలైంది. దాన్ని స్థాపించినవారిలో ఒకడైన చార్లీ పపాజియన్ ఊళ్లో జనానికి ఇంటి బీరు పాఠాలు చెప్పిన బడిపంతులు. బ్రిటన్ చిన్న బ్రూవర్ల సంఘం 1980లో పుట్టింది. మొదటి అధ్యక్షుడు పీటర్ ఆస్టిన్, హల్ బ్రూవరీలో పనిచేసి వచ్చిన వృత్తిదారు. పంతులు పని నేర్పాడు, వృత్తిదారు పన్ను తగ్గించమన్నాడు. ఆ అభ్యర్థన ఫలించడానికి ఇరవై ఏళ్లు పైనే పట్టింది.

2002లో ఆర్థికమంత్రి గోర్డన్ బ్రౌన్ ఇచ్చాడు, ఉదారంగానే ఇచ్చాడు. ఆ దశకానికి ముందు వందల్లో ఉన్న బ్రూవరీలు తర్వాత 2,000 దరిదాపులకు పెరిగాయి. జనాభాతో పోలిస్తే అమెరికాకు తీసిపోలేదు. ఆ రాయితీ లేకపోతే ఇవి నిలిచేవి కావు. కానీ దాని మెట్లు కట్టిన తీరును నేను సమర్థించలేను. 5,000 హెక్టోలీటర్ల దాకా సగం సుంకం. అక్కణ్నుంచి 30,000 దాకా రాయితీ సొమ్ము ఒక్క పౌండు కూడా పెరిగేది కాదు. ప్రతి కొత్త పీపాకూ పూర్తి సుంకం. 2004లో 60,000 దాకా పొడిగించిన భాగంలో ఆ సొమ్మునే వెనక్కి లాక్కునేవారు కనుక, అక్కడ అదనపు బీరు మీద పడే భారం పూర్తి సుంకాన్ని కూడా మించిపోయేది. 5,000 గీత దగ్గర నిలబడిన మనిషికి కొత్త ట్యాంకు కొనాలన్న ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చేది? 2023 ఆగస్టులో ఈ పద్ధతిని తీసేసి, 8.5 శాతం లోపు ఆల్కహాలున్న పానీయాలన్నింటికీ వర్తించే కొత్త రాయితీ తెచ్చారు.

అమెరికా రాయితీని కూడా ఆకాశానికెత్తలేం. జాక్ మెకాలిఫ్ 1976లో కాలిఫోర్నియాలోని సొనోమాలో పెట్టిన న్యూ ఆల్బియన్ బ్రూవరీ ఏటా చేసింది సుమారు 400 బ్యారెళ్లు. బ్యారెల్‌కు 2 డాలర్ల చొప్పున దానికి మిగిలింది ఏడాదికి 800 డాలర్లు. 1982లో అది మూతపడింది. అతి చిన్నవాడికి ఆ చట్టం ఇచ్చిన ఆసరా అంతే. అయినా చికో పట్టణంలో ఇంటి బీరు సామాన్ల దుకాణం నడిపే కెన్ గ్రాస్‌మన్ దాన్ని చూసి వచ్చి, 1980లో సియెరా నెవాడా ప్రారంభించాడు.

ఆ మెకాలిఫ్ ఇంటి బీరు నేర్చింది అమెరికాలో కాదు. 1960లలో నౌకాదళ ఉద్యోగిగా స్కాట్లండ్‌లో ఉన్నప్పుడు, మాడ్లింగ్ లైసెన్సు ఎత్తేసిన నేల మీద. బ్రిటన్ తెరిచిన గడప మొదటి ఫలం కాలిఫోర్నియాలో కాసింది. దాని విత్తనం మళ్లీ లండన్ చేరడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. జున్ను అమ్మే పనిలో న్యూయార్క్ వెళ్లిన ఎవిన్ ఓరియర్‌డన్ అక్కడి బీర్లు రుచి చూసి, తిరిగొచ్చి ఇంట్లో చేయడం నేర్చుకున్నాడు. 2009లో బెర్మండ్సీలో, రైలు వంతెన కమాను కింద, ద కెర్నల్ బ్రూవరీ తెరిచాడు. అప్పటికి చిన్నవాడికి సుంకం సగమే.