నా వరుసలో మొదట ‘దాసి’

అన్నిటికన్నా గొప్ప సినిమా ఏదని ఎవరడిగినా నా జవాబు ఒకటే: ‘దాసి’. ‘మాయాబజార్’ దాని తర్వాతే. బోయినపల్లి మండలం మనిషిని కాబట్టి ఇలా అంటున్నానని అనుకునేవాళ్లుంటారు. ఆ సినిమా కళాదర్శకుడు తోట వైకుంఠం మా బూరుగుపల్లి బిడ్డ. ఆ మురిపెం నాకుంది, దాచుకోను. కానీ ‘దాసి’కి మొదటి చోటు ఆ మురిపెంతో ఇచ్చింది కాదు.

బి. నర్సింగరావు 1988లో తీసిన చిత్రం అది. 1920ల నాటి తెలంగాణలో ఒక దొర గడీ. ఇరవై రూపాయలకు కొన్న పిల్ల కమలాక్షి, దొరసాని వెంట అరణంగా వచ్చిన ఆడబాప, అంటే దాసి. తెల్లారింది మొదలు ఆమెకు పనే. రాత్రి దొర పిలిస్తే వెళ్లడం కూడా ఆ పనుల్లో ఒకటే. కడుపు పండితే తీయించుకోక తప్పదు. కథగా చెప్పాలంటే ఇంతకు మించి లేదు.

ఆ చెప్పడానికేమీ లేని చోటే సినిమా మొదలవుతుంది. మాటలు బహు తక్కువ. పని చేస్తున్న మనిషి దగ్గర కెమెరా నిలబడుతుంది, తొందరపడదు. ఏడవమని మనల్ని ఎవరూ పురమాయించరు. కాసేపటికి ఆ గడీలో పొద్దు ఎంత బరువుగా గడుస్తుందో మన ఒంటికి తెలుస్తుంది. దొర క్రూరుడని అరిచి చెప్పే సినిమాలు చాలా వచ్చాయి. గడీలో అందరికీ అది మామూలేనన్న సంగతిని ఇంత నెమ్మదిగా, ఇంత కఠినంగా చూపించింది నాకు ఇదొక్కటే.

ఇక వైకుంఠం పని. చిన్నప్పుడు ఊరికొచ్చిన ఆటగాళ్లు ఆడవేషానికి రంగులు పూసుకుంటుంటే కళ్లప్పగించి చూసిన పిల్లవాడు, పెద్దయ్యాక బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చిత్రకళ నేర్చాడు. ఆయన బొమ్మల్లో తెలంగాణ ఆడవాళ్లు నిండు కుంకుమబొట్లతో, ఎర్రటి పచ్చటి చీరలతో పటం పట్టనంత నిండుగా ఉంటారు. ‘దాసి’లో ఆ చెయ్యే రంగును బిగపట్టింది. మట్టిగోడలు, నీడపట్టున అర్రలు, దర్వాజాలోంచి కొంచెంగా జారే వెలుగు. రంగు అంతగా తెలిసినవాడే దాన్ని ఇంతగా ఆపుకోగలడు. ఆ వెలుగును ఎ.కె. బీర్ కెమెరా ఎక్కడా చిందనివ్వలేదు. 36వ జాతీయ పురస్కారాల్లో దీనికి ఐదు వచ్చాయి: ఉత్తమ తెలుగు చిత్రం, నటి, ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం, దుస్తులు. కన్ను చేసిన పనికి ఇంత గౌరవం దక్కిన తెలుగు సినిమా నాకు ఇంకోటి గుర్తు రాదు.

కమలాక్షిగా చేసిన అర్చనకు అంతకుముందు ఏడాదే తమిళ ‘వీడు’కు జాతీయ పురస్కారం వచ్చింది. అక్కడ ఇల్లు కట్టుకోవాలని ఆరాటపడే ఆడపిల్ల; ఇక్కడ తనదంటూ మూరెడు జాగా లేని మనిషి. ఆమె దుఃఖాన్ని నేను ముఖంలో కన్నా వంగిన మెడలో, అడుగులు తీసే తీరులో ఎక్కువ చూశాను.

బ్రిటన్‌లో ‘సైట్ అండ్ సౌండ్’ అనే పత్రిక 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకులను అడిగి ప్రపంచ ఉత్తమ చిత్రాల వరుస కడుతుంది. 2022లో పదహారు వందల మందికి పైగా ఓటేస్తే శాంటల్ అకెర్‌మన్ 1975లో తీసిన ‘జాన్ దీల్‌మాన్’ మొదటికొచ్చింది. బ్రసెల్స్‌లో ఒక వితంతువు ఇంటిపని, మూడు దినాల బతుకు, మూడు గంటలు దాటిన సినిమా. ఆమె ఆలుగడ్డ చెక్కు తీస్తుంటే తీసినంతసేపూ చూస్తాం. అది చూస్తున్నప్పుడు కమలాక్షే నా కళ్ల ముందు మెదిలింది. ఆడదాని చాకిరికి పట్టే కాలాన్ని కత్తిరించకుండా చూపడమే గొప్ప కళ అని లోకం ఒప్పుకున్నప్పుడు, ఆ వరుసలో గడీ అర్రలోంచి వచ్చిన మన సినిమా ఎందుకుండకూడదు?

‘మాయాబజార్’ను తక్కువ చేయడం నావల్ల కాదు. 2013లో భారతీయ సినిమా నూరేళ్ల సందర్భంగా జరిగిన ఓటింగులో జనం దానికే పట్టం కట్టారు. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని సావిత్రి నడకతోనే నమ్మించిన తీరు, మార్కస్ బార్ట్‌లీ వెన్నెల, వీటికి సాటి ఏముంది? దాన్ని ఎన్నిసార్లు చూసినా అదే సంబరం. ‘దాసి’ చూసిన ప్రతిసారీ మాత్రం పాత గడీ గోడలు నాకు వేరేగా కనిపిస్తాయి. వరుసలో పైకెక్కించింది అదే.

సిరిసిల్లవాడైన వేణు యెల్దండి 2023లో తీసిన ‘బలగం’ను మొదటి ఐదింటిలో పెట్టుకున్నాను. కొమురయ్య చచ్చిపోతాడు, పెట్టిన కూడు పిట్ట ముట్టదు. అంత చిన్న సంగతి మీద ఒక ఇంటి పగలన్నీ నిలబెట్టాడు. చివర మొగిలయ్య, కొమురమ్మల పాట మొదలయ్యాక దుఃఖం ఆగదు. ‘దాసి’ ఎన్నడూ ఇవ్వని ఊరట అది. ఊళ్లకు ఊళ్లు తెల్లగుడ్డ తెరగా కట్టుకొని, అందరూ ఒక్కచోట కూర్చొని ఆ సినిమా చూశారు. అట్లాగే ఒక రాత్రి ‘దాసి’కీ తెర కట్టాలని నా కోరిక. మొదటి ఆట బూరుగుపల్లిలో వేయాలి.